సెకండ్ హ్యాండ్ కారు బ్రేకుల్లో వింత శబ్దాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత కారు కొన్నవాళ్లూ, కొనబోతున్నవాళ్లూ బ్రేకుల శబ్దం గురించి అడిగే సందేహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. అందుకే వాటిని ఇక్కడ ఒకచోట చేర్చాం. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. శబ్దం ఎలా ఉందన్న దానికన్నా ఎప్పుడు వస్తోందన్నదే ముఖ్యం. పెడల్ నొక్కితేనా, వదిలితేనా? బండి చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ముందుకు వెళ్తుంటేనా, రివర్స్‌లోనా? ఇవి గమనించకుండా విడిభాగాలు మార్చుకుంటూ పోతే డబ్బు పోతుంది, శబ్దం మాత్రం మిగిలే ఉంటుంది.

## కొనే ముందు

టెస్ట్ డ్రైవ్‌లో బ్రేకుల శబ్దం ఎలా వినాలి?

మ్యూజిక్, ఏసీ ఫ్యాన్ ఆపేసి నాలుగు అద్దాలూ దించండి. వీలైతే ఏదైనా పొడవాటి గోడ పక్కన నెమ్మదిగా నడపండి. చక్రాల దగ్గర వచ్చే చిన్న గీకుడు కూడా గోడకు తగిలి చెవికి చేరుతుంది. మొదట నడక వేగంలో పెడల్‌ను మెల్లగా నొక్కి చూడండి, చాలా కీచు శబ్దాలు అక్కడే బయటపడతాయి. తర్వాత గంటకు 40 కి.మీ. వేగంలో మామూలుగా ఆపండి. వెనక ఎవరూ లేరని చూసుకుని 60లో కాస్త గట్టిగా ఆపండి. రివర్స్‌లో రెండు మూడు సార్లు ఆపండి. ఏటవాలు మీద హ్యాండ్ బ్రేక్ ఒక్కటే వేసి బండి నిలబడుతుందేమో చూడండి. ఇదంతా బండి చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, పావుగంటో ఇరవై నిమిషాలో నడిపాక మరోసారి చేయాలి. వేడెక్కాక మొదలయ్యే శబ్దాలు మొదటి అయిదు నిమిషాల్లో దొరకవు.

నేను వెళ్లేసరికే ఇంజిన్ వేడిగా ఉంది. అనుమానించాలా?

అమ్మేవాళ్లు ఏదో పని మీద తిప్పి ఉండవచ్చు, అందులో తప్పేం లేదు. కానీ రాత్రంతా నిలబెట్టిన కారును ఉదయం మొదటిసారి కదిపినప్పుడు వచ్చే శబ్దాలు మీరు వినలేదన్నది మాత్రం నిజం. ఇంకో రోజు ముందుగా చెప్పి, స్టార్ట్ చేయకుండా ఉంచమని అడగండి. కారు నచ్చితే ఆ రెండో చూపు తప్పకుండా చూడాల్సిందే.

"బ్రేక్ ప్యాడ్‌లు కొత్తవి వేయించాం" అంటున్నారు. ఇంకేమైనా చూడాలా?

డిస్క్‌లు చూడండి. చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెమే డిస్క్, బ్రేక్ వేస్తే ప్యాడ్‌లు దాన్ని రెండు వైపులా నొక్కి పట్టుకుంటాయి. అరిగిపోయిన డిస్క్ మీద కొత్త ప్యాడ్‌లు వేసి అమ్మడం తరచుగా జరిగే పని. డిస్క్ అంచున పైకి లేచిన గట్టు కనిపిస్తుంటే అది బాగా అరిగినట్టు. కొత్త ప్యాడ్ అంచు ఆ గట్టుకు రాసుకుంటే కొత్త శబ్దం మొదలవుతుంది. వేలిగోరు దిగేంత గీతలు, నీలం రంగు మచ్చలు, చిన్న చిన్న పగుళ్లు కూడా మంచి గుర్తులు కావు. డిస్క్ కనీస మందం ఎంతుండాలో చాలా డిస్క్‌ల మీదే అచ్చు వేసి ఉంటుంది. కొలిచి పోల్చుకోవచ్చు. బిల్లు అడగండి. ముందు చక్రాలకు మార్చారా, వెనకా, ప్యాడ్‌లతో పాటు వాటిని కదలకుండా పట్టే క్లిప్‌లు కూడా వేశారా అన్నది అందులో తెలుస్తుంది.

అసలు శబ్దమే రావడం లేదు. బ్రేకులు బాగున్నట్టేనా?

అలా అనుకోవద్దు. అరిగినప్పుడు కీచుమనే రేకు అన్ని ప్యాడ్‌లకూ ఉండదు. ప్యాడ్‌లను డిస్క్ మీదికి నొక్కే కాలిపర్ అనే భాగం జరిగే పిన్ను పట్టేసి, ఒక ప్యాడ్ మాత్రమే అరుగుతున్నా చాలాకాలం చప్పుడు చేయదు. పాతబడిన బ్రేక్ ఆయిల్‌కు శబ్దమే ఉండదు. అందుకని చెవితో పాటు పాదాన్నీ చేతులనూ నమ్మండి. పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతోందా, బ్రేక్ వేస్తే బండి ఒక పక్కకు లాగుతోందా, స్టీరింగ్ వణుకుతోందా అన్నది చూసుకోవాలి.

చక్రం విప్పకుండా ప్యాడ్ మందం చూడవచ్చా?

అల్లాయ్ వీల్స్ అయితే సందుల్లోంచి టార్చ్ వేసి చూడవచ్చు. కొత్త ప్యాడ్‌లో రాపిడి పదార్థం సుమారు 10 నుంచి 12 మి.మీ. ఉంటుంది. వెనక ఉన్న ఇనుప పలకను అందులో కలపకూడదు. 3 మి.మీ. దగ్గరికి వస్తే మార్చేయాలి. అయితే బయటి నుంచి కనిపించేది బయటి ప్యాడ్ ఒక్కటే. లోపలిది దానికన్నా ఎక్కువ అరిగి ఉండటం పాత కార్లలో మామూలే. కాబట్టి కొనాలని నిశ్చయించుకున్నాక ఒక్కసారైనా చక్రం విప్పించి చూడటం మంచిది.

## కొన్న కొత్తలో

ఉదయం మొదటి రెండు మూడు బ్రేకులకు గరగరమంటుంది, తర్వాత ఏమీ ఉండదు. ఎందుకు?

డిస్క్‌లు సాధారణంగా పోత ఇనుముతో చేస్తారు. వాన పడినా, కారు కడిగినా, రాత్రి మంచు పట్టినా వాటి మీద పల్చని తుప్పు పొర ఏర్పడుతుంది. మొదటి కొన్ని బ్రేకులకు ప్యాడ్‌లు దాన్ని గీకేస్తాయి, అదే ఆ గరగర. నాలుగైదు సార్లు ఆపేలోగా పోతే టెన్షన్ పడాల్సిన పనేం లేదు. పొడి వాతావరణంలో కూడా రోజూ వస్తూ, కిలోమీటరు దాటినా పోకపోతే మాత్రం చూపించాలి.

నెలల తరబడి కదలకుండా ఉన్న కారు కొన్నాను. చక్రం తిరిగినప్పుడల్లా ఒకే చోట గీకుతోంది.

ఎక్కువ కాలం నిలబడిన కారులో ప్యాడ్ ఆనుకున్న భాగం ఒకలా, మిగతా డిస్క్ ఇంకోలా తుప్పు పడుతుంది. ప్యాడ్ ఆకారంలో మచ్చ కూడా పడుతుంది. చక్రం ఒక చుట్టు తిరిగేసరికి ఆ మచ్చ ఒకసారి ప్యాడ్‌ను తాకుతుంది, శబ్దం లయగా వస్తుంది. ట్రాఫిక్ లేని చోట కొన్నిసార్లు మధ్యస్థంగా బ్రేక్ వేస్తూ నడిపి చూడండి. పైపై తుప్పు అయితే తగ్గిపోతుంది. గుంటలు పడి ఉంటే తగ్గదు, డిస్క్ మార్చాల్సిందే.

ఇలాంటి కార్లలోనే ఇంకొకటి ఉంది. వెనక డ్రమ్ బ్రేకులున్న కారును హ్యాండ్ బ్రేక్ వేసి వదిలేస్తే లైనర్లు (లోపలి రాపిడి పదార్థం) డ్రమ్‌కు అతుక్కుపోతాయి. మొదటిసారి కదిపినప్పుడు ఢమ్మని వినిపించి వదులుతుంది. వదలకపోతే బలవంతంగా లాగించవద్దు. లైనర్ పలక నుంచి ఊడిపోయే ప్రమాదం ఉంది.

స్టార్ట్ చేసి కొద్దిగా కదలగానే ముందు భాగంలో ఒక్కసారి టక్‌మని, గుర్రుమని వినిపిస్తుంది. ఏమిటది?

చాలా కార్లలో ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినప్పుడు చక్రాలు బిగుసుకుని జారకుండా చూసే వ్యవస్థ) తనను తాను పరీక్షించుకునే శబ్దమే అది. ఇంజిన్ స్టార్ట్ చేశాక మొదటిసారి కొంత వేగం అందుకోగానే లోపలి వాల్వులనూ మోటారునూ ఒక క్షణం తిప్పి చూసుకుంటుంది. ఒక్కసారే వచ్చి, డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఏబీఎస్ లైటు వెలగకపోతే అది మామూలే.

గట్టిగా బ్రేక్ వేస్తే పెడల్ పాదం కింద టకటకా కొట్టుకుంటోంది, గరగరమంటోంది. కాలు తీసేయాలా?

తీయకండి. చక్రాలు జారకుండా ఏబీఎస్ బ్రేకును సెకనుకు చాలాసార్లు పట్టి వదులుతోంది. పెడల్‌ను అలాగే గట్టిగా నొక్కి పట్టుకుని స్టీరింగ్ చూసుకోండి. కాకపోతే పొడి రోడ్డు మీద, మామూలుగా ఆపుతున్నప్పుడు, బండి నిలబడే ముందు ఇలా జరుగుతుంటే అది లోపం. చక్రం వేగాన్ని కొలిచే సెన్సర్‌కు మురికి పట్టినా, దాని పళ్ల రింగుకు తుప్పు పట్టినా, ఆ రింగు పగిలినా ఏబీఎస్ తప్పుగా పనిచేస్తుంది. పాత కార్లలో ఇది కనిపించేదే. స్కానర్ పెట్టి ఏ చక్రమో తేల్చవచ్చు.

పెడల్ నొక్కితే డ్యాష్‌బోర్డు కింద బుస్సుమంటుంది. గాలి లీకా?

నొక్కిన క్షణంలో చిన్నగా వచ్చి ఆగిపోతే అది పెడల్ మీది బలాన్ని పెంచే బూస్టర్‌లోకి గాలి వెళ్లే చప్పుడు, సహజమే. నొక్కి పట్టుకున్నంతసేపూ బుస్సుమంటూ, పెడల్ కూడా గట్టిపడితే బూస్టర్ లోపలి పొర చిరిగి ఉండవచ్చు. వాక్యూమ్ బూస్టర్ ఉన్న కారులో ఒక తేలిక పరీక్ష ఉంది. ఇంజిన్ ఆపి పెడల్‌ను నాలుగైదు సార్లు నొక్కండి, గట్టిపడుతుంది. కాలు అలాగే ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి దిగితే బూస్టర్ పనిచేస్తున్నట్టు. దిగకపోతే త్వరగా చూపించండి. ఇంజిన్ ఊగిసలాడుతుంటే కూడా ఈ లీకును అనుమానించాలి.

ఆటోమేటిక్ కారు. సిగ్నల్ దగ్గర బ్రేక్ కాస్త వదలగానే చక్రాల్లోంచి మూలుగు వస్తోంది.

ప్యాడ్ డిస్క్‌ను పూర్తిగా పట్టుకోకుండా, పూర్తిగా వదలకుండా ఉన్న స్థితిలో అంటుకుంటూ జారుతూ ఉంటుంది. ఆ వణుకే మూలుగులా వినిపిస్తుంది. కాలు కాస్త ఎక్కువ నొక్కినా, పూర్తిగా తీసినా ఆగిపోతుంది. ప్రమాదం లేదు. ఈమధ్యే మొదలై రోజురోజుకూ పెరుగుతుంటే ప్యాడ్‌ల పైపొర చూపించండి.

## శబ్దాన్ని బట్టి

సన్నగా కీచుమంటోంది. ప్యాడ్‌లు అయిపోయినట్టేనా?

కావచ్చు, కానీ ఒక్కటే కారణం కాదు. చాలా ప్యాడ్‌లకు చిన్న ఉక్కు రేకు ఉంటుంది. రాపిడి పదార్థం 2, 3 మి.మీ.కు అరిగినప్పుడు ఆ రేకు డిస్క్‌కు తగిలి సన్నగా, విడవకుండా కీచుమంటుంది. పెడల్ నొక్కకుండా నడుపుతున్నప్పుడు కూడా వినిపిస్తే, బ్రేక్ వేస్తే మారితే లేదా ఆగితే, మొదటి అనుమానం దీని మీదే.

నొక్కినప్పుడే వచ్చే కీచుకు కారణాలు వేరు. ప్యాడ్, డిస్క్, కాలిపర్ కలిసి చాలా వేగంగా కంపిస్తే చెవి దాన్ని కీచుగా వింటుంది. బాగా వేడెక్కిన ప్యాడ్ పైపొర అద్దంలా నున్నబడి గట్టిపడినా, వెనక ఉండే పల్చటి రేకులు ఊడిపోయినా, క్లిప్‌లు వదులైనా, ప్యాడ్ చెవులు కూర్చునే చోట తుప్పు చేరినా ఈ కంపనం పెరుగుతుంది. మెల్లగా నొక్కితే వచ్చి, గట్టిగా నొక్కితే పోయే కీచు ఎక్కువగా ఈ రకమే. ప్యాడ్‌లో ఇంకా సగం మందం ఉంటే మార్చాల్సిన పని లేకపోవచ్చు. విప్పి, శుభ్రం చేసి, క్లిప్‌లు కొత్తవి వేసి, తగిన గ్రీజు తగిన చోట పెడితే చాలాసార్లు తగ్గుతుంది. ఒక రకం ప్యాడ్‌లలో లోహపు పొడి ఎక్కువ ఉంటుంది. అవి చల్లగా ఉన్నప్పుడు కాస్త కీచుమనడం వాటి స్వభావం.

ఇనుము మీద ఇనుము గీస్తున్నట్టు వస్తోంది. ఇంటిదాకా నడపొచ్చా?

వద్దు. ప్యాడ్ పూర్తిగా అరిగి దాని ఇనుప పలకే డిస్క్‌ను కోస్తోందని అర్థం. ఆపే దూరం పెరుగుతుంది, డిస్క్ గంటల్లోనే పాడవుతుంది. కాలిపర్‌లో ప్యాడ్‌ను తోసే పిస్టన్ హద్దు దాటి బయటికి వస్తే బ్రేక్ ఆయిల్ కారిపోయే అవకాశం కూడా ఉంది. పక్కకు ఆపి, చక్రం సందుల్లోంచి చూడండి. డిస్క్ మీద లోతైన చాళ్లు, వెండిలా మెరిసే పొడి కనిపిస్తే టో చేయించండి. "మెల్లగా వెళ్తే ఏం కాదులే" అని ఇంట్లో పిల్లల్ని ఎక్కించుకుని మాత్రం బయల్దేరకండి.

నిన్నటిదాకా ఏమీ లేదు, మట్టి రోడ్డు మీద వెళ్లొచ్చాక చర్రుమని గీకుతోంది.

డిస్క్ వెనక పల్చటి రేకు కవచం ఉంటుంది. దానికీ డిస్క్‌కూ మధ్య చిన్న రాయి ఇరుక్కుంటే భయపెట్టేంత శబ్దం వస్తుంది. చదునైన చోట నెమ్మదిగా కొంచెం రివర్స్, కొంచెం ముందుకు కదిపితే ఒక్కోసారి పడిపోతుంది. రేకే వంగి ఉంటే మెకానిక్ చేత్తోనే సరిచేస్తారు. పాత కార్లలో ఆ రేకు తుప్పు తిని ఊగిపోవడమూ ఉంది, అప్పుడు తీసి కొత్తది వేయాలి.

బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకుతూ గర్... గర్... అంటోంది. డిస్క్ వంగిందంటున్నారు, నిజమా?

అందరూ వాడే మాట అదే కానీ, చాలాసార్లు డిస్క్ వంగి ఉండదు. దాని మందం చుట్టూ ఒకేలా లేకపోవడం, లేదా ప్యాడ్ పదార్థం అక్కడక్కడా మందంగా అంటుకోవడం అసలు కారణం. కంటికి కనిపించనంత తేడా చాలు, పాదానికి తెలిసిపోతుంది. వణుకు స్టీరింగ్‌లో ఎక్కువైతే ముందు చక్రాలు, సీటులో ఎక్కువైతే వెనక చక్రాలు అని లెక్క వేసుకోవచ్చు.

తేడా ఎందుకొచ్చిందో వెతకకుండా డిస్క్ మారిస్తే కొన్ని వేల కిలోమీటర్లకు మళ్లీ వస్తుంది. డిస్క్ కూర్చునే హబ్ మీద తుప్పు పొర గీకకుండా డిస్క్ బిగించడం, వీల్ నట్లను ఎయిర్ గన్‌తో ఇష్టమొచ్చినట్టు బిగించడం, వదలని కాలిపర్ ఇవే ఎక్కువగా దొరికే కారణాలు. డయల్ గేజ్ పెట్టి డిస్క్ ఊగుడు కొలవమని అడగండి. చాలా కార్లకు అనుమతించేది 0.05 నుంచి 0.1 మి.మీ. లోపే. మీ కారుకు ఎంతన్నది సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది.

బ్రేక్ వేయగానే టక్‌మని ఒక్క దెబ్బ వినిపిస్తుంది.

రివర్స్ నుంచి ముందుకు మారాక మొదటి బ్రేకుకు మాత్రమే చిన్నగా వస్తే ప్యాడ్ తన గూట్లో అటు నుంచి ఇటు జరిగిన చప్పుడు. క్లిప్‌లు వదులైతే ఇది పెరుగుతుంది. ప్రతి బ్రేకుకూ వస్తే కాలిపర్ బోల్టు వదులై ఉండవచ్చు. ఇది ఆలస్యం చేయకూడని విషయం, చూపించేదాకా నడపకండి. బోల్టులు బిగుతుగానే ఉంటే సస్పెన్షన్ కింది ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్ చూడాలి. బ్రేక్ వేసినప్పుడు బరువంతా ముందుకు తోసుకొస్తుంది కాబట్టి వాటి లోపం బ్రేకుల లోపంలా వినిపిస్తుంది.

గతుకుల మీద గలగలమంటుంది, బ్రేక్ కాస్త నొక్కితే ఆగిపోతుంది.

మీరే కారణం కనిపెట్టేశారు. ప్యాడ్‌లు వదులుగా ఊగుతున్నాయి, నొక్కగానే బిగుసుకుని నోరు మూస్తున్నాయి. క్లిప్‌లు, స్ప్రింగులు విరిగాయా, ఎవరైనా వేయకుండా వదిలేశారా అని చూడండి. కాలిపర్ పిన్నులు అరిగినా ఇలాగే ఉంటుంది.

వెనక డ్రమ్ బ్రేకులు కిర్రుమంటున్నాయి. రివర్స్‌లో ఇంకా ఎక్కువ.

డ్రమ్ మూసి ఉంటుంది కాబట్టి లైనర్ పొడి బయటికి పోదు, లోపలే పేరుకుంటుంది. లైనర్ అతికి ఉండే షూ వెనక పలకకు రాసుకునే చోట్ల గ్రీజు ఎండిపోతే కిర్రుమంటుంది. స్ప్రింగులు సాగినా శబ్దమే. రివర్స్‌లో షూల మీద బలం పడే తీరు మారుతుంది, అందుకే అప్పుడు ఎక్కువగా వినిపిస్తుంది. విప్పినప్పుడు వీల్ సిలిండర్ రబ్బరు మూత కాస్త ఎత్తి తడి ఉందేమో చూడమనండి. ఆయిల్ కారి లైనర్‌కు అంటితే బ్రేకు పట్టదు, ఒక్కోసారి హఠాత్తుగా పట్టేస్తుంది. అలాంటి లైనర్లను కడిగి వాడకూడదు.

వేగం పెరిగే కొద్దీ హోరు పెరుగుతోంది. బ్రేక్ వేసినా, వేయకపోయినా అంతే.

బ్రేకుతో మారని శబ్దం ఎక్కువగా బ్రేకుది కాదు. వీల్ బేరింగ్‌ను అనుమానించండి. కుడి వైపు మలుపు తిరిగితే బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది. అప్పుడు హోరు పెరిగితే ఎడమ బేరింగ్, ఎడమ మలుపులో పెరిగితే కుడి బేరింగ్. టైర్లు మెట్లు మెట్లుగా అరిగినా ఇదే హోరు వస్తుంది, చేత్తో తడిమితే తెలుస్తుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలితే టకటకమంటే అది యాక్సిల్ జాయింట్.

హైబ్రిడ్ కారు కొన్నాను. తక్కువే తిరిగింది, అయినా బ్రేకులు గరగరమంటున్నాయి.

హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో వేగం తగ్గించే పనిలో చాలాభాగం మోటారే చేస్తుంది. ప్యాడ్‌లకు పని తగ్గుతుంది, డిస్క్‌ల మీది తుప్పు గీకేవాళ్లు ఉండరు. అందుకే ప్యాడ్‌లు మందంగా ఉన్నా డిస్క్‌లు పాడైన కార్లు కనిపిస్తాయి. అప్పుడప్పుడూ సురక్షితమైన చోట కాస్త గట్టిగా బ్రేక్ వేయడం వీటికి మంచిది. పిన్నులు పట్టేయకుండా ఏడాదికోసారి విప్పి శుభ్రం చేయించండి.

## ఇంట్లో చూసుకోవాలంటే

ఏ చక్రం నుంచి వస్తుందో ఎలా తెలుసుకోవాలి?

ఖాళీ స్థలంలో ఒకరు నడక వేగంలో నడుపుతుంటే ఇంకొకరు దూరంగా పక్కన నడుస్తూ వినాలి. కారు లోపల శబ్దం మోసం చేస్తుంది, వెనక చక్రం శబ్దం ముందు నుంచి వస్తున్నట్టు ఉంటుంది. పట్టేసిన బ్రేకు అయితే వేడి చెబుతుంది. పెద్దగా బ్రేక్ వాడకుండా కొంత దూరం నడిపి ఆపి, నాలుగు చక్రాల దగ్గరా చేయి దూరంగా పెట్టి చూడండి. డిస్క్‌ను ముట్టుకోవద్దు, చేయి కాలుతుంది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే ఇంకా మంచిది. ఎడమ, కుడి చక్రాల మధ్య పెద్ద తేడా ఉంటే ఎక్కువ వేడిగా ఉన్న చోట బ్రేకు వదలడం లేదన్నమాట.

చక్రం నేనే విప్పి చూడాలనుకుంటున్నాను. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

గట్టి, చదునైన నేల మీద పెట్టి, ఎదుటి చక్రాలకు అడ్డు పెట్టండి. నట్లు కొంచెం వదులు చేశాకే జాకీ ఎత్తండి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కారు కింద చేయి గానీ తల గానీ పెట్టకూడదు, స్టాండ్ తప్పనిసరి. బ్రేకుల పొడిని నోటితో ఊదవద్దు, ఎయిర్ కొట్టవద్దు. చాలా పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, లేకపోయినా ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. బ్రేక్ క్లీనర్ స్ప్రేతో తడిపి తుడవండి. చక్రం విప్పి ఉండగా పెడల్ జోలికి పోవద్దు. ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేక్ ఉన్న కారులో వెనక కాలిపర్ విప్పే ముందు సర్వీస్ మోడ్‌లో పెట్టాలి, లేకపోతే మోటారు దెబ్బతింటుంది.

ప్యాడ్‌లు అరిగిన తీరును బట్టి ఏం తెలుస్తుంది?

చాలా తెలుస్తుంది. సర్వీస్ రికార్డు లేని పాత కారు గురించి నిజం చెప్పేవి ఈ ప్యాడ్‌లే. పిస్టన్ ఒక వైపే ఉన్న కాలిపర్‌లో లోపలి ప్యాడ్ బాగా అరిగి, బయటిది మందంగా ఉంటే పిన్నులు పట్టేశాయి లేదా పిస్టన్ వెనక్కి రావడం లేదు. బయటి ప్యాడే ఎక్కువ అరిగితే, నొక్కాక కాలిపర్ తిరిగి జరగడం లేదు. ప్యాడ్ ఒక చివర మందంగా, ఇంకో చివర పల్చగా ఉంటే కాలిపర్ వాలుగా కూర్చుంటోంది, ఎక్కువగా ఒక పిన్ను మాత్రమే పట్టేసినప్పుడు ఇలా జరుగుతుంది. ఒక చక్రంలో రెండు ప్యాడ్‌లూ అరిగి, ఎదుటి చక్రంలో కొత్తవాటిలా ఉంటే అరిగిన వైపు బ్రేకు వదలడం లేదు, లేదా ఎదుటి వైపు పట్టడం లేదు. బ్రేక్ రబ్బరు పైపు లోపల ఉబ్బి మూసుకుపోయినా బ్రేకు వదలదు. పైకి పైపు బాగానే కనిపిస్తుంది కాబట్టి దీన్ని చాలామంది పట్టుకోలేరు. కాబట్టి పాత ప్యాడ్‌లు పారేయకుండా, ఏది ఎక్కడిదో రాసి పెట్టమనండి.

కీచు ఆగడానికి ప్యాడ్ మీద ఆయిల్ గానీ, స్ప్రే గానీ కొట్టొచ్చా?

ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. శబ్దం ఆగుతుంది, బ్రేకూ ఆగుతుంది. ప్యాడ్‌కు, డిస్క్‌కు ఆయిల్ అంటితే కారు నిలబడదు. గ్రీజు పెట్టే చోట్లు వేరు. ప్యాడ్ వెనక పలక, దాని చెవులు ఆనే చోట వేడికి తట్టుకునే బ్రేక్ గ్రీజు పల్చగా, కాలిపర్ పిన్నులకు సిలికాన్ గ్రీజు. మామూలు పెట్రోలియం గ్రీజు పిన్ను రబ్బర్లను ఉబ్బేలా చేస్తుంది, కొన్నాళ్లకు పిన్ను పట్టేస్తుంది.

బ్రేక్ ఆయిల్ తగ్గింది. పోసేస్తే సరిపోతుందా?

ముందు ఎందుకు తగ్గిందో చూడండి. ప్యాడ్‌లు అరిగే కొద్దీ పిస్టన్‌లు ముందుకు వస్తాయి, ఆ మేరకు డబ్బాలో మట్టం దిగుతుంది. అంటే మట్టం తగ్గడం ప్యాడ్‌లు చూసుకోమన్న సూచన. ప్యాడ్‌లు బాగుండి కూడా తగ్గితే ఎక్కడో కారుతోంది. మూత మీద రాసిన రకమే (డాట్ 3, డాట్ 4 లాంటిది) వాడాలి. డాట్ 5 సిలికాన్ ఆయిల్‌ను డాట్ 3, డాట్ 4లతో కలపకూడదు. డాట్ 3, డాట్ 4 ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. తేమ చేరాక ఆ హద్దు 155కు పడిపోతుంది. ఎప్పుడు మార్చారో తెలియని కారు కొంటే శబ్దంతో సంబంధం లేకుండా మార్పించేయండి, ఆ తర్వాత సాధారణంగా రెండేళ్లకోసారి.

## మెకానిక్ దగ్గర

డిస్క్‌ను లేత్ మీద పెట్టి సాపు చేయిస్తే సరిపోతుందా?

సాపు చేశాక కూడా కనీస మందం కన్నా ఎక్కువ మిగిలితేనే. మిగలకపోతే డిస్క్ త్వరగా వేడెక్కుతుంది, పగుళ్లు రావచ్చు. పగుళ్లు ముందే ఉన్నా, లోతైన తుప్పు గుంటలున్నా లేత్ గురించి ఆలోచించకుండా మార్చండి.

ఒక్క వైపే అరిగింది. ఆ వైపు ప్యాడ్‌లే మార్చొచ్చా?

రెండు వైపులా కలిపే మార్చాలి. ఒక వైపు కొత్తవి, ఒక వైపు పాతవి ఉంటే బ్రేక్ వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగవచ్చు, వాన రోడ్డు మీద అది ప్రమాదం. ఒక్క వైపే ఎందుకు అరిగిందో కనుక్కోకుండా బిల్లు కట్టకండి.

కొత్త ప్యాడ్‌లు వేయించాకే శబ్దం మొదలైంది. మోసపోయానా?

తొందరపడకండి. కొత్త ప్యాడ్, డిస్క్ ఒకదానికొకటి సర్దుకోవడానికి కొంత సమయం పడుతుంది. గంటకు 50, 60 కి.మీ. వేగం నుంచి పూర్తిగా ఆగకుండా మధ్యస్థంగా వేగం తగ్గించడం, మధ్యలో చల్లారనివ్వడం, ఇలా కొన్నిసార్లు చేయాలి. వేడిగా ఉన్నప్పుడు పెడల్ నొక్కి పట్టుకుని నిలబడవద్దు, ప్యాడ్ పదార్థం డిస్క్‌కు మచ్చలా అంటుకుంటుంది. మొదటి 200, 300 కి.మీ. అవసరం లేకుండా గట్టిగా బ్రేక్ కొట్టకండి. ఆ తర్వాత కూడా కీచుమంటే క్లిప్‌లు పాతవే వేశారా, వెనక రేకులు వదిలేశారా, కీచు రేకు తిరగేసి బిగించారా, పిన్నులకు గ్రీజు పెట్టారా అని ఒక్కొక్కటిగా అడగండి. ప్యాడ్ మీ కారు మోడల్‌కు, ఆ సంవత్సరానికి సరిపోయేదేనా అన్నదీ చూడాలి.

మెకానిక్ దగ్గరికి వెళ్తే శబ్దం రావడం లేదు. ఎలా నమ్మించాలి?

శబ్దం వచ్చినప్పుడు పక్క సీటులో ఉన్నవాళ్లతో ఫోన్‌లో రికార్డు చేయించండి, మీరు నడుపుతూ చేయవద్దు. దాంతోపాటు నాలుగు మాటలు రాసుకోండి. బండి స్టార్ట్ చేసి ఎంతసేపైంది, వేగం ఎంత, పెడల్ ఎంత నొక్కారు, స్టీరింగ్ ఎటు తిరిగి ఉంది. "బ్రేకులు శబ్దం చేస్తున్నాయి" అని చెబితే ప్యాడ్‌లు మార్చి పంపేస్తారు. "పావుగంట నడిపాక, 20 వేగంలో మెల్లగా నొక్కితే ఎడమ ముందు చక్రంలో కీచుమంటోంది, గట్టిగా నొక్కితే ఆగిపోతోంది" అని చెబితే అదే చక్రం విప్పుతారు. చల్లగా ఉన్నప్పుడే వచ్చే శబ్దమైతే సాయంత్రం కారు అక్కడే వదిలి, ఉదయం మీరు వచ్చాకే స్టార్ట్ చేయమని చెప్పండి. మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని మీరే నడిపి చూపించండి.